కార్ల అమ్మకాల్లో ఆల్‌టైమ్ రికార్డు.. మరి మొదటి కారు కొనే ఇల్లు ఎక్కడ?

2025 సెప్టెంబర్ 22. నవరాత్రుల మొదటి రోజు. కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చింది కూడా ఆ రోజే. పొద్దున్నుంచే షోరూముల్లో సందడి. హ్యుందాయ్ ఆ ఒక్క రోజే డీలర్లకు దాదాపు 11 వేల కార్ల బిల్లింగ్ చేసింది. మారుతీ సుజుకీకి దాదాపు 80 వేల ఎంక్వైరీలు వచ్చాయి. ఆ తర్వాత అక్టోబర్ నెలలో దేశవ్యాప్తంగా 5.57 లక్షల కార్లు కస్టమర్ల చేతికి వెళ్లాయి. ఒక్క నెలలో ఇన్ని కార్లు అమ్ముడుపోవడం ఇదే మొదటిసారి.

2025 ఏడాది మొత్తం చూస్తే కంపెనీల నుంచి డీలర్లకు వెళ్లిన కార్ల సంఖ్య 45 లక్షలకు దగ్గరగా వచ్చింది. ఇది కూడా రికార్డే.

హెడ్‌లైన్లన్నీ పండగ చేసుకున్నాయి. కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఈ రికార్డు ఎవరిది? ఇంట్లో ఇప్పటికే కారు ఉండి ఇంకా పెద్దది కొన్నవాళ్లదా? లేక స్కూటీ మీద భార్య, ఇద్దరు పిల్లలతో తిరిగే మనిషి తొలిసారి కారు కొనుక్కోవడం వల్ల వచ్చిందా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా ఏంటో లెక్కలతో సహా చూద్దాం.

అసలు ఏం మారింది?

2025 సెప్టెంబర్ 3న జరిగిన 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో కార్ల పన్నును రెండు ముక్కలు చేశారు.

చిన్న కార్లపై అంతకుముందు 28 శాతం జీఎస్టీ ఉండేది. దానిపై పెట్రోల్ అయితే 1 శాతం, డీజిల్ అయితే 3 శాతం సెస్ అదనం. ఇప్పుడు మొత్తం కలిపి 18 శాతమే. ఇక్కడ చిన్న కారు అంటే పొడవు 4 మీటర్లు దాటకూడదు. పెట్రోల్, సీఎన్‌జీ ఇంజిన్ 1200 సీసీ లోపు, డీజిల్ 1500 సీసీ లోపు ఉండాలి.

అంతకంటే పెద్ద కార్లపై జీఎస్టీ, సెస్ కలిపి 45 నుంచి 50 శాతం దాకా పడేది. ఇప్పుడు సెస్ తీసేసి 40 శాతం చేశారు. ఎలక్ట్రిక్ కార్లకు పాత 5 శాతమే కొనసాగుతోంది.

దీంతో ధరలు ఒక్కసారిగా దిగాయి. మారుతీ వ్యాగన్ఆర్ బేస్ మోడల్ ఎక్స్‌షోరూమ్ ధర రూ. 5,78,500 నుంచి రూ. 4,98,900కి వచ్చింది. ఆల్టో కె10 రూ. 3,69,900 నుంచి మొదలైంది. ఎస్‌ప్రెసో అయితే రూ. 3,49,900. వేరియంట్‌ని బట్టి ఎస్‌ప్రెసోపై గరిష్ఠంగా రూ. 1,29,600 వరకు తగ్గించారు. చాలా ఏళ్లుగా పైకి వెళ్లడమే తప్ప దిగడం తెలియని ధరలు ఇవి.

పన్ను ఒక్కటే కాదు. అదే ఏడాది ఇంకో రెండు విషయాలు కలిసొచ్చాయి. బడ్జెట్‌లో కొత్త పన్ను విధానం కింద రూ. 12 లక్షల వరకు ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేకుండా చేశారు. రిజర్వ్ బ్యాంక్ కూడా ఫిబ్రవరి నుంచి డిసెంబర్ మధ్య రెపో రేటును 6.5 శాతం నుంచి 5.25 శాతానికి దించింది. అంటే ట్యాక్స్ తగ్గింది, వడ్డీ తగ్గింది, కారు ధర తగ్గింది. మూడూ ఒకే ఏడాదిలో జరిగాయి.

రికార్డు నిజమే.. కానీ దాన్ని ఎలా చదవాలి?

మన దేశంలో కార్ల అమ్మకాలకు రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి తయారీ కంపెనీల సంఘం సియామ్ ఇచ్చేది. ఇది ఫ్యాక్టరీ నుంచి డీలర్‌కు వెళ్లిన కార్ల లెక్క. రెండోది డీలర్ల సంఘం ఫాడా ఇచ్చేది. ఇది ఆర్టీవో ఆఫీసుల్లో రిజిస్టర్ అయిన కార్ల లెక్క. అంటే నిజంగా కస్టమర్ ఇంటికి చేరిన బండ్లు.

ఈ రెండింటికీ మధ్య తేడా ఎంత ఉంటుందో 2024లో చూశాం. ఆ ఏడాది సెప్టెంబర్‌లో డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజులకు సరిపడా స్టాక్ పేరుకుపోయింది. దాని విలువ రూ. 79 వేల కోట్లని ఫాడా చెప్పింది. ఫ్యాక్టరీ లెక్కల్లో కార్లు 'అమ్ముడుపోయాయి'. నిజానికి అవి డీలర్ల యార్డుల్లో ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఉన్నాయి. వాటి మీద వడ్డీ మాత్రం డీలర్ కట్టాడు.

అందుకే హెడ్‌లైన్‌లో అంకె కనిపిస్తే ముందు అది ఎవరి లెక్కో చూడాలి. ఇంకో సంగతి. ఫాడా లెక్కలు కేంద్రం నడిపే వాహన్ పోర్టల్ నుంచి వస్తాయి. తెలంగాణ చాలా ఏళ్లపాటు ఆ పోర్టల్‌లో చేరలేదు. దాంతో 'దేశవ్యాప్త' లెక్కల్లో హైదరాబాద్ లాంటి పెద్ద మార్కెట్ కనిపించేదే కాదు.

ఇప్పుడు 2025 రికార్డు సంగతి. ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని మోదీ జీఎస్టీ సంస్కరణల గురించి చెప్పగానే జనం కొనుగోళ్లు ఆపేశారు. 'నెల ఆగితే లక్ష తగ్గుతుంది' అంటే ఎవరైనా ఆగుతారు కదా. ఆగస్టులో కంపెనీల నుంచి డీలర్లకు వెళ్లిన కార్లు అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 9 శాతం తగ్గాయి. సెప్టెంబర్‌లో మూడు వారాలు షోరూములు బోసిపోయాయి. పాత సెస్ కింద తాము ముందే కట్టిన దాదాపు రూ. 2,500 కోట్ల క్రెడిట్ ఇరుక్కుపోయిందని డీలర్లు మొత్తుకున్నారు కూడా.

అంటే అక్టోబర్‌లో కొన్నవాళ్లలో కొంతమంది అసలు ఆగస్టులో కొనాల్సినవాళ్లే. దసరా, దీపావళి రెండూ అక్టోబర్‌లోనే పడ్డాయి. ఆగిన డిమాండ్, పండగ, ధర తగ్గింపు.. అన్నీ ఒకే నెలలో కలిశాయి.

అలాగని మొత్తం గాలి బుడగ అనుకోవడానికీ లేదు. 42 రోజుల పండగ సీజన్‌లో కార్ల రిటైల్ అమ్మకాలు అంతకుముందు ఏడాది కంటే 23 శాతం పెరిగాయి. ఆ తర్వాత డీలర్ల దగ్గర స్టాక్ కూడా బాగా కరిగింది. 2025 చివరికి అది 40 రోజుల లోపుకు వచ్చింది. అంటే ఈసారి కార్లు యార్డుల్లో ఆగలేదు. ఇళ్లకే వెళ్లాయి.

ఎవరి ఇళ్లకు అన్నదే ప్రశ్న.

పదేళ్లలో మాయమైన కారు

ఈ ఒక్క లెక్క చూడండి. 2015-16లో మన దేశంలో రూ. 5 లక్షల లోపు ధర ఉన్న కార్లు 9,34,538 అమ్ముడుపోయాయి. 2024-25లో? కేవలం 25,402.

తొమ్మిది లక్షల నుంచి పాతిక వేలకు పడిపోయింది. అదే సమయంలో మొత్తం మార్కెట్ మాత్రం పెరిగింది. 2018-19లో 33.77 లక్షలుగా ఉన్న అమ్మకాలు 2024-25 నాటికి 43 లక్షలు దాటాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. పదేళ్లలో అన్నిటి ధరలూ పెరిగాయి. అప్పుడు నాలుగున్నర లక్షలున్న కారు ఇప్పుడు ఆరు లక్షలైతే అది ఈ లెక్కలోంచి బయటికి వెళ్లిపోతుంది. కాబట్టి తగ్గిన తొమ్మిది లక్షలూ 'కొనలేకపోయిన కుటుంబాలు' అనడం తప్పు. కానీ అసలు ట్రెండ్ మాత్రం అబద్ధం కాదు. ఎస్‌యూవీలు, ఎంపీవీలు పక్కన పెట్టి హ్యాచ్‌బ్యాక్‌లు, సెడాన్‌లు మాత్రమే చూస్తే.. 2023-24లో దాదాపు 15.5 లక్షలు అమ్మితే, 2024-25లో 13.5 లక్షలే అమ్మారు. ఒక్క ఏడాదిలో 2 లక్షలు తగ్గాయి.

చిన్న కారు ఎందుకు ఇంత ప్రియమైంది? ఒక్కరి తప్పు కాదు. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ తర్వాత డ్రైవర్‌కు, పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్‌లు. 2020 ఏప్రిల్‌లో బీఎస్4 నుంచి నేరుగా బీఎస్6కి దూకాం. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. వీటిలో ప్రతి ఒక్కటీ మంచి నిర్ణయమే. ప్రాణాలు కాపాడేవే, గాలిని కాపాడేవే. కానీ రూ. 15 లక్షల కారులో 50 వేలు కలిస్తే పెద్దగా తెలియదు. రూ. 4 లక్షల కారులో అదే 50 వేలు కలిస్తే కొనేవాడు ఆగిపోతాడు.

ఈ మధ్యలో కోవిడ్ వచ్చింది. చిన్న వ్యాపారాలు, చిన్న జీతాలు దెబ్బతిన్నాయి. పైమెట్టు మీద ఉన్నవాళ్లు కోలుకుని ఎస్‌యూవీ కొన్నారు. కింది మెట్టు మీద ఉన్నవాళ్లు సెకండ్ హ్యాండ్ వైపు వెళ్లారు, లేదా స్కూటర్ మీదే ఉండిపోయారు.

మారుతీ ఛైర్మన్ ఆర్.సి. భార్గవ 2025 ఏప్రిల్‌లో ఇదే మాట చెప్పారు. ఏడాదికి రూ. 12 లక్షలకు పైగా సంపాదించే కుటుంబాలు దేశంలో 12 శాతమేనని, పది లక్షలు, ఆపైన ఉండే కార్లు కొనగలిగేది వాళ్లేనని, మిగతా 88 శాతం ఆ రేంజ్‌లోనే లేరని ఆయన లెక్క. వెయ్యి మందికి 34 కార్లు మాత్రమే ఉన్న దేశంలో మార్కెట్ ఇలా ఆగిపోతే ఎలా అన్నది ఆయన ప్రశ్న. చిన్న కార్లు అమ్మే కంపెనీ ఛైర్మన్ కాబట్టి ఆయన స్వార్థం ఆయనకు ఉంటుంది. కానీ ఆయన అడిగిన ప్రశ్న సరైనదే.

ఇక్కడే ఉంది అసలు ట్విస్ట్

జీఎస్టీ తగ్గింపు 'చిన్న కార్ల' కోసం అని అందరూ అన్నారు. కానీ రూల్ పుస్తకంలో చిన్న కారు అంటే ఆల్టో ఒక్కటే కాదు. 4 మీటర్ల లోపు ఉంటే చాలు. టాటా పంచ్, నెక్సాన్, హ్యుందాయ్ వెన్యూ, ఎక్స్‌టర్, కియా సోనెట్, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ.. ఇవన్నీ కూడా 18 శాతం కిందికే వస్తాయి. అదే 4 మీటర్ల లోపే ఉన్నా మారుతీ బ్రెజాకు 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్ కాబట్టి 40 శాతం పడుతుంది.

ఈ 4 మీటర్ల రూల్ ఇవాళ్టిది కాదు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించినప్పటి నుంచి ఉంది. అప్పటి ఉద్దేశం సామాన్యుడి కారు. కంపెనీలు మాత్రం అదే కొలతలో ఎత్తైన, బలిష్ఠంగా కనిపించే 'మినీ ఎస్‌యూవీ'లను తయారు చేశాయి. కస్టమర్‌కీ అదే నచ్చింది. మన రోడ్ల గుంతలు, వానాకాలం నీళ్లు చూస్తే గ్రౌండ్ క్లియరెన్స్ కావాలనుకోవడంలో తప్పేముంది?

అందుకే వ్యాగన్ఆర్ కోసం షోరూమ్‌కు వెళ్లినవాళ్లలో కొందరు 'తగ్గిన డబ్బుకు ఇంకొంచెం వేస్తే పంచ్ వస్తుంది కదా' అనుకున్నారు. పంచ్ కోసం వెళ్లినవాళ్లు నెక్సాన్ తీసుకున్నారు. 2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయిన కారు నెక్సాన్.

ర్యాంకులు చూసినా అదే కథ. 2024లో టాటా పంచ్ దేశంలో నంబర్ వన్ కారు అయింది. నాలుగు దశాబ్దాల్లో మారుతీ కాని కారు ఏడాది టాప్‌లో నిలవడం అదే మొదలు. 2025లో మారుతీ డిజైర్ మళ్లీ ఆ స్థానం లాక్కుంది. డిజైర్ గెలుపులో క్యాబ్ డ్రైవర్ల వాటా కూడా ఉందన్నది మర్చిపోకూడదు. కంపెనీల్లో చూస్తే ఏళ్ల తరబడి రెండో స్థానంలో ఉన్న హ్యుందాయ్ 2025లో నాలుగుకు జారింది. రెండో స్థానం మహీంద్రాది. ఆ కంపెనీ ఒక్క హ్యాచ్‌బ్యాక్ కూడా అమ్మదు. అన్నీ ఎస్‌యూవీలే.

మన దగ్గర ఉన్న ఫ్యాక్టరీ సంగతీ అంతే. శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర కియా ప్లాంట్‌లో 2019లో మొదట తయారైంది సెల్టోస్. తర్వాత సోనెట్, కారెన్స్. అక్కడ కూడా ఎస్‌యూవీలు, ఎంపీవీలే. 2024-25లో దేశంలో అమ్ముడుపోయిన ప్రతి వంద కార్లలో 65 యుటిలిటీ వాహనాలే అన్నప్పుడు ఏ కంపెనీ మాత్రం ఇంకోటి ఎందుకు చేస్తుంది?

మీ ఇంటి లెక్క ఇదీ

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ధర తగ్గింది సరే. నెలకు ఎంత తగ్గింది?

హైదరాబాద్‌లో వ్యాగన్ఆర్ బేస్ మోడల్‌నే తీసుకుందాం. ఎక్స్‌షోరూమ్ ధరలో రూ. 79,600 తగ్గింది. తెలంగాణలో రూ. 5 లక్షల లోపు కారుకు లైఫ్ ట్యాక్స్ 13 శాతం, 5 నుంచి 10 లక్షల మధ్య అయితే 14 శాతం. పాత ధర మీద లైఫ్ ట్యాక్స్ దాదాపు రూ. 81 వేలు పడేది. కొత్త ధర 5 లక్షల లోపుకు వచ్చింది కాబట్టి దాదాపు రూ. 65 వేలే. అంటే ఇక్కడ ఇంకో 16 వేలు మిగిలింది. మొత్తం కలిపి దాదాపు రూ. 96 వేలు ఆదా.

చాలా పెద్ద మొత్తమే. కానీ కారు కొనేవాళ్లలో ఎక్కువ మంది లోన్ మీదే కొంటారు. ఈ 96 వేలను 9 శాతం వడ్డీతో ఏడేళ్ల ఈఎంఐగా మారిస్తే నెలకు ఎంత తెలుసా? దాదాపు రూ. 1,540.

అంటే నెలవారీ బడ్జెట్‌లో జీఎస్టీ తగ్గింపు విలువ పదిహేను వందల రూపాయలు. కారు కొనాలా వద్దా అని అంచు మీద ఊగుతున్న ఇంటికి ఇది సరిపోతుంది. అంచుకు దూరంగా ఉన్న ఇంటికి సరిపోదు.

మొత్తం ఖర్చు కూడా చూడండి. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే ఆ కారు ఆన్‌రోడ్ దాదాపు రూ. 6 లక్షలు అవుతుంది. చేతి నుంచి లక్ష కట్టి 5 లక్షల లోన్ తీసుకున్నారనుకుందాం.

* 9 శాతం వడ్డీ, ఏడేళ్లు: ఈఎంఐ దాదాపు రూ. 8,044. మొత్తం వడ్డీ దాదాపు రూ. 1.76 లక్షలు.
* 9 శాతం వడ్డీ, ఐదేళ్లు: ఈఎంఐ దాదాపు రూ. 10,379. మొత్తం వడ్డీ దాదాపు రూ. 1.23 లక్షలు.
* 10 శాతం వడ్డీ, ఏడేళ్లు: ఈఎంఐ దాదాపు రూ. 8,300.

రెండేళ్లు సాగదీస్తే ఈఎంఐ తేలికవుతుంది. కానీ వడ్డీ రూపంలో 53 వేలు అదనంగా పోతాయి. అంటే జీఎస్టీలో మిగిలినదాంట్లో సగానికి పైగా బ్యాంకుకే వెళ్తుంది.

ఇక పెట్రోల్. హైదరాబాద్‌లో లీటరు రూ. 107 దగ్గర. నెలకు 800 కిలోమీటర్లు, లీటరుకు 20 కిలోమీటర్ల మైలేజీ అనుకుంటే దాదాపు రూ. 4,280. సర్వీసింగ్, ఇన్సూరెన్స్ రెన్యువల్ కోసం నెలకు ఒక రూ. 1,500 పక్కన పెట్టాలి. ఏడేళ్ల లోన్‌తో చూసుకున్నా మొత్తం నెలకు రూ. 13,800 దాటుతుంది. అదే దూరం స్కూటీ మీద తిరిగితే పెట్రోల్‌కు రూ. 2 వేలు కూడా కాదు.

నెలకు రూ. 40 వేల జీతం వచ్చే ఇంట్లో 13,800 అంటే మూడో వంతు కంటే ఎక్కువ. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు తీసేశాక అంత ఎక్కడి నుంచి వస్తుంది? రూ. 70 వేలు వచ్చే ఇంట్లో అయితే లెక్క కుదురుతుంది. అంటే జీఎస్టీ తలుపు తీసింది నిజమే. కానీ గడప ఎత్తు జీతమే నిర్ణయిస్తోంది.

కంపెనీలకు కూడా ఇది తెలుసు. అందుకే పండగ టైమ్‌లో మారుతీ టూవీలర్ కస్టమర్లను ఆకర్షించడానికి నెలకు రూ. 1,999 ఈఎంఐ అంటూ స్కీమ్ తెచ్చింది. ఇలాంటి తక్కువ ఈఎంఐ ఆఫర్ ఏ కంపెనీది కనిపించినా ఒక్కటే అడగండి: ఈ వాయిదా ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత, మొత్తం కలిపి చేతి నుంచి ఎంత పోతుంది? ఆ మూడు అంకెలు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.

ఇంకో విషయం. మన దగ్గర కార్ లోన్లు చాలావరకు ఫిక్స్‌డ్ వడ్డీవి. రిజర్వ్ బ్యాంక్ రేటు తగ్గించినా పాత లోన్ ఈఎంఐ దానంతట అది తగ్గదు. కొత్తగా తీసుకునేవాళ్లకే లాభం.

సీఎన్‌జీ దూసుకొచ్చింది.. ఎలక్ట్రిక్ సంగతేంటి?

నెల ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచనే సీఎన్‌జీని పైకి తెచ్చింది. 2024-25లో సీఎన్‌జీ కార్ల అమ్మకాలు తొలిసారి డీజిల్‌ను దాటాయి. ఇప్పుడు దాదాపు ప్రతి ఐదు కొత్త కార్లలో ఒకటి సీఎన్‌జీదే. డిక్కీలో సిలిండర్ చోటు తినేస్తుంది, బంకుల దగ్గర క్యూ ఉంటుంది. అయినా జనం సర్దుకుంటున్నారు. ఎందుకంటే కిలోమీటరు ఖర్చు ముఖ్యం.

ఎలక్ట్రిక్ కార్లు కూడా 2025లో బాగానే పెరిగాయి. మొత్తం కార్ల అమ్మకాల్లో వాటి వాటా 4 శాతం దగ్గరకు వచ్చింది. తెలంగాణలో 2026 చివరి వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. ఎంజీ విండ్సర్ లాంటివి బ్యాటరీని అద్దెకు ఇచ్చే పద్ధతి తెచ్చి కొనే ధర తగ్గించాయి.

కానీ జీఎస్టీ తగ్గింపు ఎలక్ట్రిక్‌కు ఒక చిక్కు తెచ్చింది. పెట్రోల్ కారు ధర దిగింది, ఎలక్ట్రిక్ ధర అక్కడే ఉంది. ఉదాహరణకు టాటా టియాగో పెట్రోల్ రూ. 4.57 లక్షల నుంచి మొదలైతే, టియాగో ఈవీ రూ. 7.99 లక్షల నుంచి మొదలవుతుంది. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ మినహాయింపు కలిపినా తేడా దాదాపు రూ. 2.8 లక్షలు. ఇంట్లో చార్జింగ్ చేసుకుంటే కిలోమీటరుకు నాలుగు రూపాయల పైనే మిగులుతుంది. ఆ లెక్కన ఈ తేడా పూడాలంటే దాదాపు 68 వేల కిలోమీటర్లు నడపాలి. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు నాలుగేళ్ల లోపే కిట్టుబాటవుతుంది. 800 తిరిగేవాళ్లకు ఏడేళ్లు పడుతుంది. రోజూ ఎక్కువ దూరం వెళ్లేవాళ్లకు ఎలక్ట్రిక్, వారానికి రెండుసార్లు బయటికి తీసేవాళ్లకు పెట్రోల్. లెక్క అంత సింపుల్.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలి?

కారు అంటే హోదా, విలాసం అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. 2023లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.72 లక్షల మందికి పైగా చనిపోయారు. అందులో దాదాపు 45 శాతం మంది బైకులు, స్కూటర్ల మీద ఉన్నవాళ్లే. ముందు ఒక పాప నిలబడి, మధ్యలో బాబు, వెనక భార్య.. ఆ స్కూటర్ మన ఊళ్లలో రోజూ కనిపిస్తుంది. వాళ్లకు మొదటి కారు అంటే ఫ్యాషన్ కాదు. వానలో తడవకుండా, లారీ పక్కన భయపడకుండా ఇంటికి చేరడం.

టాటా నానో ఆ కుటుంబం కోసమే పుట్టింది. 2008లో లక్ష రూపాయల కారు అంటూ ప్రపంచం మొత్తం చూసింది. పదేళ్లు తిరిగేసరికి తయారీ ఆగిపోయింది. అది నేర్పిన పాఠం ఒకటే: 'చవక కారు' అని ముద్ర పడితే పేదవాడు కూడా కొనడు. అప్పు చేసి కొనే వస్తువు పక్కింటివాళ్ల ముందు తలెత్తుకునేలా ఉండాలి. పంచ్, ఎక్స్‌టర్ గెలిచింది అక్కడే.

కారు ఒక్కటే దారి అని కాదు. మంచి బస్సు, మెట్రో ఉంటే స్కూటర్ మీద నలుగురు వెళ్లాల్సిన అవసరమే రాదు. రోడ్ల మీద ఇప్పటికే ట్రాఫిక్ ఎలా ఉందో అందరికీ తెలుసు. కానీ బస్సు రాని ఊళ్లో, అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లాల్సిన ఇంట్లో ఆ వాదన నిలవదు.

ముందు ముందు ఏం చూడాలి?

మొదటిది, పల్లెలు. అక్టోబర్‌లో పట్టణాల కంటే గ్రామీణ ప్రాంతాల్లో కార్ల అమ్మకాలు మూడు రెట్లకు పైగా వేగంగా పెరిగాయని ఫాడా చెప్పింది. ఇది చాలా మంచి సంకేతం. ఎందుకంటే అక్కడ కొనేవాళ్లలో మొదటి కారువాళ్లే ఎక్కువగా ఉంటారు. ఈ ఊపు పండగ లేని నెలల్లో, అంటే ఏప్రిల్, మే, జూన్‌లలో కూడా నిలిస్తే అప్పుడు చిన్న కారు నిజంగా తిరిగొచ్చినట్టు.

రెండోది, ధరలు. జీఎస్టీ ఇచ్చింది కంపెనీలు మెల్లగా వెనక్కి తీసుకోకుండా ఉంటాయా? డాలర్‌తో రూపాయి విలువ 2025 డిసెంబర్‌లో 90 దాటింది. దిగుమతి విడిభాగాల ఖర్చు పెరిగిందంటూ కొన్ని కంపెనీలు జనవరిలో రేట్లు పెంచాయి. ఏడాదికి రెండు, మూడు శాతం చొప్పున పెంచుకుంటూ పోతే మూడు నాలుగేళ్లలో పన్ను తగ్గింపు మొత్తం కరిగిపోతుంది.

మూడోది, కాలుష్యం రూల్స్. 2027 ఏప్రిల్ నుంచి కెఫే-3 నిబంధనలు రావాలి. కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు కాలుష్యానికి పరిమితి పెట్టే రూల్ ఇది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ముసాయిదాలో 909 కిలోల లోపు బరువున్న చిన్న పెట్రోల్ కార్లకు కొంత వెసులుబాటు పెట్టారు. మారుతీ కావాలంది. టాటా, మహీంద్రా వద్దన్నాయి. ఒకే కంపెనీకి లాభం అన్నది వీళ్ల అభ్యంతరం. వెసులుబాటు ఇవ్వకపోతే తేలికైన కారు ఇంకా ప్రియమవుతుంది. ఇస్తే భద్రత కోసం బరువు పెంచే కంపెనీ నష్టపోతుంది. ఈ గొడవ బోరింగ్‌గా అనిపించొచ్చు. కానీ రేపు చిన్న కారు ధర ఎంత ఉంటుందో తేల్చేది ఇదే.

చివరిగా ఒక్క మాట. అక్టోబర్‌లో 5.57 లక్షల కార్లు అమ్ముడుపోవడం నిజమైన విజయమే. పన్ను తగ్గిస్తే జనం కొంటారని తేలింది. కానీ ఆ తగ్గింపు ఈఎంఐలో పదిహేను వందలే. మిగతా దూరం జీతాలు పెరిగితేనే పూడుతుంది. వచ్చే ఏడాది రికార్డు వార్త వచ్చినప్పుడు ఎన్ని కార్లు అమ్మారని కాదు, అందులో ఎన్ని ఇళ్లకు అది మొదటి కారు అని చూడండి. అసలు లెక్క అదే.